అలలు వాళ్లవి.. జెండా ఎవరిది?

సముద్రమే లేని తెలంగాణకు సర్ఫింగ్‌తో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. పలక మీద నిలబడి అలల మీద జారే ఆట అది. మన చెరువుల్లో ఆడేది కాదు. కానీ ఆ ఆటలో ఒక చిన్న జట్టు కథ వింటే మన కథే విన్నట్టుంటది. ఆ జట్టు పేరు హవాయి.

హవాయి అమెరికాలో 50వ రాష్ట్రం. అయినా అంతర్జాతీయ సర్ఫింగ్ సంఘం నిర్వహించే ప్రపంచ జూనియర్ పోటీలకు హవాయి పిల్లలు అమెరికా జట్టులో కలిసి వెళ్లరు. సొంత పేరుతో, సొంత జెండాతో వేరే జట్టుగా వెళ్తారు. అవసరమైతే అమెరికా జట్టుతోనే తలపడతారు. మహామహా దేశాలను దాటి ప్రపంచ విజేతగా కూడా నిలిచిన జట్టు అది. ఆ పోటీల ఆరంభంలో ఒక ఆచారం ఉంది. ప్రతి జట్టూ తన తీరం నుంచి తెచ్చిన ఇసుకను ఒకే గాజు పెట్టెలో పోస్తుంది. పరాయి గడ్డ మీద హవాయి పిల్లలు తమ ఇసుకను తామే పోస్తారు. పోసేది పిడికెడు ఇసుకే. చాటేది మాత్రం ఒక జాతి ఉనికిని.

ఈ పిల్లలే పెరిగి ఒలింపిక్స్‌కు వెళ్తే ఏం జరుగుతుంది? 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్‌కు తొలిసారి చోటు దక్కింది. మహిళల విభాగంలో మొట్టమొదటి స్వర్ణం గెలిచింది హోనలులు బిడ్డ కారిస్సా మూర్. హవాయి మూలవాసుల రక్తం ఆమెది. ప్రొఫెషనల్ పోటీల్లో ఆమె భుజం మీద ఉండేది హవాయి జెండా. ఒలింపిక్స్‌లో మాత్రం పైకి లేచింది అమెరికా జెండా. నలుగురు సభ్యుల ఆ అమెరికా జట్టులో ఇద్దరు హవాయి వాళ్లే. రెండోవాడు జాన్ జాన్ ఫ్లోరెన్స్. ఆట హవాయిది, ఆటగాళ్లు హవాయి వాళ్లు, పతకం మాత్రం అమెరికా ఖాతాలో పడింది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ ఇదే తంతు. సర్ఫింగ్ పోటీలు పారిస్‌కు 15 వేల కిలోమీటర్లకు పైగా దూరంలోని తాహితి దీవిలో పెట్టారు. పురుషుల స్వర్ణం తాహితి కుర్రాడు కౌలీ వాస్ట్ గెలిచాడు. అల తాహితిది, కుర్రాడు తాహితి వాడు. జెండా మాత్రం ఫ్రాన్స్‌ది.

అసలు ఈ ఆట ఎవరిది? పసిఫిక్ దీవుల వాళ్లది. హవాయి జనం తరతరాలుగా దాన్ని బతుకులో భాగం చేసుకున్నారు. రాజులు ఆడారు, సామాన్యులు ఆడారు. 1820లో దిగిన మిషనరీలు దాన్ని పనికిమాలిన వ్యవహారంగా చూశారు. మన యాసను, మన బతుకమ్మను చిన్నచూపు చూసిన వాళ్లను ఎరిగిన మనకు ఆ చూపు కొత్త కాదు. 1885లో ముగ్గురు హవాయి రాకుమారులు కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో అలల మీద ఆడి చూపించేదాకా అమెరికా ప్రధాన భూభాగంలో ఈ ఆట ఆడిన దాఖలా లేదు. ఆధునిక సర్ఫింగ్ పితామహుడిగా ప్రపంచం కొలిచే డ్యూక్ కహానమోకు 1890లో హవాయి రాజ్యంలో పుట్టాడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం గెలిచింది మాత్రం అమెరికా పేరు మీద. పుట్టిన రాజ్యం అప్పటికే లేదు.

ఎట్లా పోయింది ఆ రాజ్యం? 1893 జనవరిలో చక్కెర వ్యాపారుల అండతో ఒక గుంపు రాణి లిలియుఒకలానీని గద్దె దించింది. అమెరికా నౌకాసైనికులు ఒడ్డున దిగి ఆ గుంపుకు దన్నుగా నిలిచారు. 1896లో బడుల్లో హవాయి భాషను పక్కకు నెట్టి ఇంగ్లిషును బోధనా భాషగా రుద్దారు. 1897లో విలీనం వద్దంటూ 21 వేల మందికి పైగా జనం సంతకాలు పెట్టి వాషింగ్టన్‌కు పంపారు. అప్పటి మూలవాసుల సంఖ్య సుమారు 40 వేలు. అంటే సగం మందికి పైగా వద్దన్నారు. అయినా 1898లో ఒక తీర్మానంతో కలిపేసుకున్నారు. 1959లో రాష్ట్ర హోదా మీద ఓటింగ్ పెట్టారు. అప్పటికి మూలవాసులు సొంత గడ్డ మీదే మైనారిటీ. అత్యధికులు హోదాకే ఓటేసిన మాట నిజం. కానీ బ్యాలెట్ మీద స్వాతంత్ర్యం అన్న మాటే లేదు. 1993లో, నూరేళ్ల తర్వాత, అమెరికా కాంగ్రెస్ క్షమాపణ తీర్మానం చేసింది. తప్పు ఒప్పుకున్నారు. తీసుకున్న భూమి మాత్రం తిరిగియ్యలేదు.

ఒలింపిక్స్‌లో సొంత పేరుండాలంటే సొంత దేశం ఉండాలని పెద్దలు నిబంధన చూపిస్తారు. మరి ప్యూర్టో రికో సంగతేంది? అది అమెరికా పాలనలోని ప్రాంతమే. గువామ్ కూడా అంతే, అమెరికన్ సమోవా కూడా అంతే. ఈ మూడింటికీ ఒలింపిక్స్‌లో వేర్వేరు జట్లున్నాయి. 2004 ఏథెన్స్‌లో ప్యూర్టో రికో బాస్కెట్‌బాల్ జట్టు 92-73 తేడాతో అమెరికా కోటీశ్వరుల జట్టును మట్టి కరిపించింది. ఆకాశం ఊడి పడలేదు, అమెరికా ముక్కలు కాలేదు. 1996 నుంచి కొత్తగా చేరేవాళ్లు స్వతంత్ర దేశాలే అయి ఉండాలని ఒలింపిక్ సంఘం గీత గీసింది. ముందు వచ్చినవాళ్లు లోపల, తర్వాత అడిగినవాళ్లు బయట. ఇది న్యాయమెట్లయితది?

ఆటల్లోకి రాజకీయాలు ఎందుకు లాగుతారని కొందరు మేధావులు నీతులు చెప్తారు. ఆ మాట ఎప్పుడూ తమ జెండా పైన ఎగురుతున్న వాళ్లే చెప్తారు. కారిస్సా మూర్ అమెరికా జెండాను కాదనలేదు. మనిషికి రెండు గుర్తింపులు ఉండొచ్చు. వాటిలో ఒకదాన్ని ఇంట్లో దాచిపెట్టి రమ్మనడమే వివక్ష.

ఇప్పుడు మన సంగతి. 1956లో మనల్ని అడగకుండా ఆంధ్రతో కలిపారు. కానీ క్రికెట్‌లో కలపలేకపోయారు. 1934లో రంజీ ట్రోఫీ మొదలైన నాటి నుంచే హైదరాబాద్‌కు సొంత జట్టుంది. 1937-38లో, మళ్లీ సమైక్య రాష్ట్రంలో ఉండగానే 1986-87లో కప్పు గెలిచింది. ఒకే రాష్ట్రం అన్నారు. మైదానంలో మాత్రం ఆంధ్ర, హైదరాబాద్ 2014 దాకా ప్రత్యర్థులే. సమైక్యవాదులెవరూ ఆ రెండు జట్లను కలపాలని ధర్నా చేయలేదు. ఎందుకంటే జట్టుతో ఎవరి గద్దె కదలదు, ఎవరి వాటా తగ్గదు.

గుట్టంతా ఇక్కడే ఉంది. పాలకులు ఆటలో ఇచ్చింది పాలనలో ఇవ్వరు. స్కోరు బోర్డు మీద హైదరాబాద్ పేరు వెలుగుతూనే ఉంది, 1985లో వచ్చిన 610 జీవో మాత్రం ఫైళ్లలో మగ్గింది. కప్పు గెలిచిన ఊళ్లోనే మన నిరుద్యోగి కొలువుకు నోచుకోలేదు. హవాయిలోనూ అంతే. పిల్లల జట్టుకు పేరుంది, మూలవాసికి సొంత గడ్డ మీద ఇల్లు కొనే స్తోమత లేకుండా పోతోంది.

విదర్భను చూడండి. 1955లో ఫజల్ అలీ కమిషన్ హైదరాబాద్ రాష్ట్రాన్ని వేరుగా ఉంచమన్నట్టే విదర్భ రాష్ట్రాన్నీ ఇవ్వమంది. రెండు మాటలనూ ఢిల్లీ తుంగలో తొక్కింది. కొట్లాడి, బిడ్డల ప్రాణాలు పోగొట్టుకుని మనం 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నాం. విదర్భ ఇంకా అడుగుతూనే ఉంది. ఆ విదర్భ క్రికెట్ జట్టు మాత్రం 2017-18, 2018-19, 2024-25 సీజన్లలో మూడుసార్లు రంజీ గెలిచింది. దేశానికే చాంపియన్ కాగల ప్రాంతం తనను తాను ఏలుకోలేదా?

కాబట్టి జట్టును చూసి మురిసిపోతే చాలదు. జట్టు ఒక సాక్ష్యం. మేం వేరే జనం, మాకో పేరుంది, మాకో చరిత్ర ఉంది అని చెప్పే సాక్ష్యం. సాక్ష్యం చేతిలో పెట్టుకుని తీర్పు అడగకుండా ఊరుకునేవాడు అమాయకుడు. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం అడిగింది అందుకే. విదర్భకు, గూర్ఖాలాండ్‌కు రాజ్యాంగంలో 3వ అధికరణం ఉంది. హవాయికి ఆ దారీ లేదు.

2028లో ఒలింపిక్స్ లాస్ ఏంజెలెస్‌లో జరుగుతాయి. సర్ఫింగ్ పోటీలు కాలిఫోర్నియా తీరంలోనే. 1885లో ఆ తీరానికి ఈ ఆటను తెచ్చిన వాళ్ల మనవళ్లు అక్కడికే పరాయి పేరుతో రావాలా? నిబంధన రాసింది మనుషులే, మనుషులే మార్చాలి. హవాయిని హవాయిగా ఆడనివ్వాలి. సముద్రం లేకపోయినా తెలంగాణ ఈ మాట అనగలదు. పేరు పోతే ఎట్లుంటదో 58 ఏళ్లు అనుభవించిన గడ్డ ఇది.