ఆడుపిల్లలకు ఆటస్థలము

చెరువు నిండిననాడు హారతి పట్టుటకు ఊరంతయు కట్టమీదికి వచ్చును. కట్ట వేయునాడు మన్ను మోయుటకు వచ్చువారు కొందరే. క్రీడలయందు పేరు గాంచిన బాలికలయెడ మనవారు చూపుచున్న ఆదరణమును ఈ తీరుననే యున్నది.

హైదరాబాదున పెరిగిన సానియా మీర్జా చరిత్రమును పరికింపుడు. ఆఱవయేట టెన్నిసు నేర్వ నారంభించిన యా బాలికకు తండ్రి ఇమ్రాన్ మీర్జాయే శిక్షకుడై వెన్నంటి నిలిచెను. 2003 లో వింబుల్డనున బాలికల డబుల్సు నామె గెలిచెను. 2005 ఫిబ్రవరిలో హైదరాబాదుననే జరిగిన పోటీలో విజయమంది, డబ్ల్యు.టి.ఏ. సింగిల్సు బిరుదమును గెలిచిన మొదటి భారతీయ వనిత యయ్యెను. 2007 లో ప్రపంచమున 27వ స్థానము నందుకొనెను. ఆమె యాటకంటె నుడుపును గూర్చియే యెక్కువగా మాటలాడినవారు నాడు లేకపోలేదు. 2008 లో మణికట్టునకు శస్త్రచికిత్స జరిగినది. పిమ్మట సింగిల్సు విడిచి డబుల్సునందే కృషిచేసి, 2015 ఏప్రిల్‌లో ప్రపంచమున ప్రథమస్థాన మధిష్ఠించెను. ఆ యేటనే మార్టినా హింగిసుతో గూడి వింబుల్డను, అమెరికా బిరుదములను, 2016 లో ఆస్ట్రేలియా బిరుదమును సాధించెను. మిశ్రమ డబుల్సునందలి మూడింటితో గ్రాండ్‌స్లాం బిరుదములు ఆఱు. 2018 లో తల్లియైన పిదప, 2020 జనవరిలో హోబర్టున మరల డబుల్సు గెలిచి, 2023 ఫిబ్రవరిలో విరమించెను. పెండ్లితో ఆడుదాని యాట ముగియునని వాదించువారికి ఇంతకన్న సమాధాన మేల?

టెన్నిసు నగరవాసుల వేడుక, కరవుసీమ కది యెందులకని కర్నూలు, కడప జిల్లాలవారు కొంద రనవచ్చును. మన పొరుగుననున్న అనంతపురమున, స్పెయిన్ దేశపు క్రీడాకారుడు రఫాయెల్ నడాల్ పేరిటి సంస్థ, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుతో గూడి 2010 లో టెన్నిసు పాఠశాల నెలకొల్పినది. పరదేశీయునకు గోచరించిన సంగతి మనకు గోచరింపకుండుట వింతగా నున్నది.

ఈ నేల బిడ్డలకు శక్తి కొరవడలేదు. ఆదోనిలో జన్మించిన అంజలి శర్వాణి 2022 డిసెంబరులో భారత క్రికెట్టు జట్టున ప్రవేశించెను. కడప జిల్లా వాస్తవ్య శ్రీచరణి 2025 ప్రపంచకప్పు పోటీలలో 14 వికెట్లు పడగొట్టి, నవంబరు 2న విజేతయైన జట్టున నిలిచెను. రాష్ట్ర ప్రభుత్వము ఆమెకు రెండున్నర కోట్ల రూపాయలను, ఇంటిస్థలమును, ఉద్యోగమును ప్రకటించినది. అది సముచితమే. కాని యా సత్కారమంతయు గెలుపు తరువాతిది. గెలువక మునుపు బంతి పట్టుటకు చోటు దొరకక ఇల్లు చేరిన బాలిక పేరు ఏ సన్మానపత్రమునను కనబడదు. మన నష్ట మచ్చటనే యున్నది.

కావలసిన దెంత? టెన్నిసు గీతల మధ్య కొలత పొడవున 78 అడుగులు, వెడల్పున 36 అడుగులు. చుట్టును పరుగిడుటకు విడిచిన చోటు కలిపి 120 అడుగులకు 60 అడుగులు చాలును. అనగా రమారమి 17 సెంట్లు. వందల యెకరములు బీడుపడియున్న సీమలో ఇది దానము చేయజాలని భూమియా? పట్టణమున క్లబ్బు ఆటస్థల మున్నచో, ఎండ ముదరక మునుపు రెండు గంటలు పాఠశాలల బాలికలకు విడుచుట క్లబ్బువారికి భారమా?

స్థల మొక్కటే చాలదనియు మే మెఱుగుదుము. శిక్షకురాలు కావలెను. మరుగుదొడ్డి కావలెను. చీకటి పడకమున్ను బాలికను సురక్షితముగ ఇల్లు చేర్చు నేర్పాటు కావలెను. ఇవి లేకున్నచో తలిదండ్రులు పంప వెనుదీయుదురు. వారిని నిందింప బనిలేదు.

భూస్వాములు స్థల మిత్తురుగాక, వర్తకులు బంతులకును వలలకును చందా లిత్తురుగాక, పురపాలక సంఘములు శిక్షకురాలి జీతము వహించుగాక. వచ్చు వేసవి సెలవులలోపల కర్నూలున నొకటి, కడపలో నొకటి యైనను బాలికలకు ప్రత్యేక సమయము గల ఆటస్థలము తెరువబడవలెనని మేము కోరుచున్నాము.