పథ్యం సరే, నడక మాటేమిటి?

శాంతిపురం చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్ళినా ఇలాంటి అక్క ఒకరు కనిపిస్తారు. నలభై ఏళ్ళు దాటి వుండవు. మూడేళ్ళ కిందట గర్భసంచి తీసేశారు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు "బరువులెత్తొద్దమ్మా, బాగా రెస్టు తీసుకో" అని చెప్పారు. పుట్టింటి వాళ్ళు బాలింతకు చేసినట్టు పథ్యం పెట్టారు. ఆవుల పని కోడలికి అప్పగించారు. బిందె ముట్టనివ్వలేదు. ఇదంతా ప్రేమే, కాదనలేం. కానీ మూడు నెలల రెస్టు మూడేళ్ళయింది. పాత జాకెట్లు పట్టడం లేదు. రెండు మెట్లెక్కితే ఆయాసం. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. మొన్న పరీక్ష చేయిస్తే షుగరు కూడా వుందన్నారు. "బరువు తగ్గాలి, వ్యాయామం చెయ్యి" అని ఈసారి చీటీ మీద రాసిచ్చారు.

"ఆ పొద్దు కదలొద్దన్నారు. ఈ పొద్దు కూచోవద్దంటా ఉండారు. నేను దేన్ని ఇనేది?" అని ఆ అక్క అడిగితే మన దగ్గర జవాబేముంది?

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో తేల్చిన లెక్క ప్రకారం దేశం మొత్తం మీద 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు నూటికి 3 మందికి కాస్త పైన. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మంది. దేశంలో మనదే ముందు వరస. ఇన్ని ఆపరేషన్లు నిజంగా అవసరమా అన్నది మరో పెద్ద ప్రశ్న, దాన్ని ఇంకోసారి విడిగా మాట్లాడుకోవాలి. అదే సర్వేలో మన రాష్ట్రంలో ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరికి పైగా వుండాల్సిన బరువు కంటే ఎక్కువున్నారని తేలింది. ఈ రెండు లెక్కలకూ మధ్య వున్నది మన అక్క. ఆపరేషన్ అయినవాళ్ళే కాదు, కాన్పు తర్వాత, కాలు విరిగి కట్టు కట్టించుకున్న తర్వాత, థైరాయిడ్ తేలిన తర్వాత, ఏదో ఒక జబ్బు తర్వాత "మునుపటి మనిషిని కాలేకపోతున్నా" అనుకునేవాళ్ళందరి కథా ఇంచుమించు ఇదే.

బరువు ఒక్క ఆపరేషన్ వల్లే వస్తుందని అనలేం. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే దశ ఒక్కసారిగా ముందే వచ్చిపడుతుంది. ఎముకల బలం తగ్గుతుంది. నిద్ర చెడుతుంది. దానికి తోడు కదలిక ఆగిపోయి, నెయ్యి వేసిన పథ్యం ఆగకుండా సాగితే ఏమవుతుందో వేరే చెప్పాలా? అసలు లోపం ఎక్కడంటే, రెస్టు ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పినవాళ్ళు ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. ఇలాంటి ఆపరేషన్ తర్వాత సాధారణంగా 6 వారాలు, కొందరికి ఇంకొంచెం ఎక్కువ కాలం, బరువులెత్తకూడదంటారు. అంతేగానీ నడవకూడదని కాదు. నిజానికి ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే మెల్లగా లేపి నడిపిస్తారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా. ఇంటికొచ్చాక ఆ సంగతి మరిచిపోతాం.

రెస్టు మీద మనకింత గురి ఎందుకు? మన ప్రాంతానికి ఈ విషయంలో ఒక చరిత్ర వుంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం పేరు విననివారుండరు. 1912లో మొదలైన ఆ క్షయ శానిటోరియానికి దక్షిణాది నలుమూలల నుంచీ రోగులొచ్చేవారు. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, మంచాన విశ్రాంతి - ఇవే వైద్యం. ఒళ్ళు చేయడమే కోలుకున్న గుర్తు. అయితే అలాంటి శానిటోరియాల్లో సైతం జ్వరం తగ్గి బలం పుంజుకున్నవారిని కొద్దికొద్దిగా నడిపించడం, చిన్న చిన్న పనులు చేయించడం వైద్యంలో భాగంగానే వుండేది. ఆ తర్వాత మందులొచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో, మందులు సరిగా వాడితే ఇంట్లో వుండి తమ పనులు చేసుకున్న రోగులు కూడా శానిటోరియంలో పడుకోబెట్టినవారితో సమానంగా కోలుకున్నారని తేలింది. ప్రపంచమంతా క్షయ వైద్యం తీరే మారిపోయింది. మంచం వైద్యం ఆసుపత్రుల్లోంచి పోయింది గానీ మన ఇళ్ళలోంచి పోలేదు.

మంచం మనిషిని ఏం చేస్తుందో చెప్పడానికి ఒక సంగతి చాలు. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు అయిదుగురిని మూడు వారాలు మంచం దిగకుండా వుంచి చూశారు. వాళ్ళ ఒంటి సత్తువ, అంటే శ్రమ చేసేటప్పుడు ప్రాణవాయువును వాడుకునే శక్తి, పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్పయ్యేళ్ళ తర్వాత అదే అయిదుగురిని మళ్ళీ పిలిచారు. అప్పటికి యాభైకి చేరారు, సగటున 20 కిలోలకు పైగా లావయ్యారు. అయినా ముప్పయ్యేళ్ళ వయసు తగ్గించిన సత్తువ కంటే ఆ మూడు వారాల మంచం తగ్గించిందే ఎక్కువని తేలింది! ఆర్నెల్లపాటు మెల్లమెల్లగా పెంచుతూ నడక, పరుగు, సైకిలు అలవాటు చేస్తే వయసు వల్ల పోయిన సత్తువ తిరిగొచ్చింది. బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు. వాళ్ళు మగవాళ్ళు, అందులోనూ అయిదుగురే. కానీ ఆ మాటలో మన అక్కకు కావలసిన ధైర్యం వుంది. పోయింది తిరిగొస్తుంది. తూకంలో ముల్లు కదలకపోయినా ఒంట్లో బలం పెరుగుతుంది.

"మాకు వ్యాయామం ఏందమ్మా, పొద్దున లేచింది మొదలు పనే కదా" అంటారు చాలామంది. మల్బరీ ఆకు కోసి మోసేవారికి, పశువులకు గడ్డి కోసుకొచ్చేవారికి ఆ మాట చెల్లుతుంది. ఇంటి పని లెక్కలోకి రాదని కూడా ఎవరూ అనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఇంటి పనినీ లెక్కలో వేసింది. కానీ మన ఇంటి పని మారింది కదా! రోలు పోయి గ్రైండరొచ్చింది, బావి పోయి మోటారొచ్చింది, అంగడికి పోవాలంటే కొడుకు బండి మీద దించుతాడు. మిగిలిన పని విసుగు తెప్పిస్తుంది, నడుము లాగేస్తుంది, గుండెకు మాత్రం పని చెప్పదు. గుర్తు ఏమిటంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంతగా ఊపిరి వేగం పెరగాలి. అలాంటి కదలిక వారానికి 150 నిమిషాలైనా వుండాలని, కండరాలకు బలమిచ్చే పని వారంలో రెండు రోజులైనా చేయాలని ఆ సంస్థ చెప్పింది. షుగరు, బీపీ వున్నవారికీ ఇదే మాట.

మూడేళ్ళు కూర్చున్న మనిషి రేపటి నుంచే గంట నడవబోతే మూడోనాటికి మోకాలు వాచి మళ్ళీ మంచమెక్కుతుంది. "చూశావా, నాకు పడదు" అనేస్తుంది. అందుకే ముందు డాక్టరును అడగండి. కుట్లు లోపల పూర్తిగా మానాయా? బీపీ, రక్తం ఎంతున్నాయి? ఏ పని చేయొచ్చు, ఏది వద్దు? రక్తం తక్కువుంటే ఆయాసానికి లావు కారణం కాకపోవచ్చు. సరేనన్నాక మొదటి వారం పూటకు పది నిమిషాలు చాలు. హాయిగా వుంటే వారానికి అయిదు నిమిషాలు చొప్పున పెంచండి. కాళ్ళకు హవాయి చెప్పులు కాకుండా మడమ పట్టివుండే బూట్లో, బెల్టు చెప్పులో వేసుకోండి.

బలం కోసం జిమ్ముకే పోనక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడకు చేతులానించి ముందుకూ వెనక్కూ ఒరగండి. తొడ కండరాలు గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. మోకాళ్ళ నొప్పికి కదలకపోవడం మందు కాదు. దగ్గినా తుమ్మినా మూత్రం జారిపోవడం చాలామందికున్న బాధ, సిగ్గుతో చెప్పుకోరు, నడక మానేస్తారు. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలనే, మూత్రం పోయని వేళల్లో, బిగించి వదిలే వ్యాయామం దీనికి బాగా పనిచేస్తుంది. కూర్చున్నచోటే చేసుకోవచ్చు. డాక్టరమ్మను అడిగితే నేర్పుతారు.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు పరగడుపున ఎక్కువసేపు నడవకుండా, కొంగున నాలుగు చక్కెర బిళ్ళలో, బెల్లం ముక్కో వుంచుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, రక్తం పోవడం, ఒక్క కాలే వాచి నొప్పి పుట్టడం - వీటిలో ఏది కనిపించినా ఆపేసి వెంటనే ఆసుపత్రికి పోవాలి. అది ఓర్చుకునే విషయం కాదు.

తిండి మాట కూడా ఒకటి. మన రాగి సంగటి చెడ్డదేం కాదు. ముద్ద సైజే చూసుకోవాలి. పొలం పనికి పోయేనాటి ముద్ద ఇంట్లో కూర్చున్నాక అక్కర్లేదు. పిల్లలు వదిలేసింది పారేయలేక తినడం, రోజుకు నాలుగుసార్లు చక్కెర టీ - ఇవి తగ్గించకుండా నడక ఒక్కటే బరువు దించదు. రోజూ తూకం వేసుకుని దిగులుపడొద్దు. నెలకోసారి నడుము చుట్టుకొలత చూసుకోండి. స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు. మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలుగుతున్నారా, రాత్రి నిద్ర పడుతోందా, షుగరు దిగిందా? అసలు ఫలితం అక్కడ కనిపిస్తుంది.

హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా గర్భంతో వున్నప్పుడు 23 కిలోలు పెరిగింది. 2018 అక్టోబరులో బాబు పుట్టాడు. 2020 జనవరిలో మళ్ళీ కోర్టులో దిగి హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచింది. ఆమెకు శిక్షకులున్నారు, బిడ్డను చూసుకునే అమ్మానాన్నలున్నారు, మనకెక్కడిదంటారా? నిజమే. అందుకే ఆమెలా నెలల్లోనే తగ్గాలని ఎవరూ పోటీ పెట్టుకోవద్దు. కానీ గమనించండి, అంత క్రీడాకారిణికే తిరిగి రావడానికి ఏడాదికి పైగా పట్టింది, నలుగురి సాయం కావాల్సి వచ్చింది. మరి మన అక్కను ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా తగ్గమంటున్నామే!

ఆమెకు అడ్డం పడేది బద్ధకం కాదు. పొద్దున అయిదున్నరకు పాలు పిండాలి, పాలకేంద్రానికి పోయాలి, బెంగళూరు రైలుకు పోయేవాళ్ళకు క్యారియర్లు కట్టాలి. సాయంత్రం రోడ్డు మీద నడిస్తే "ఈ వయసులో దీనికి షోకు" అని నవ్వేవాళ్ళు. ఊరి బయటికి పోదామంటే అడవి పక్క పల్లెల్లో ఏనుగుల భయం. బస్సులు దూసుకొచ్చే రోడ్డుకు పక్కన నడవడానికి అడుగు జాగా వుండదు. ఇవన్నీ తీసేయకుండా "వ్యాయామం చెయ్యి" అని చీటీ రాసివ్వడం, చేతులు కట్టేసి ఈదమన్నట్టు వుంటుంది.

కాబట్టి కొన్ని పనులు జరగాలి. ఆపరేషన్ చేసిన డాక్టర్లు ఇంటికి పంపే చీటీలో మందులతో పాటు ఏ వారం నుంచి ఎంత నడవాలో, ఎప్పటి నుంచి బిందె ఎత్తొచ్చో తెలుగులో రాసివ్వాలి. ఊళ్ళోని ఆరోగ్య కార్యకర్తలు బీపీ, షుగరు చూసి వెళ్ళిపోకుండా ఆ చీటీ అమలవుతోందా అని అడగాలి. పంచాయతీలు పొద్దున, సాయంత్రం గంటసేపు బడి మైదానం ఆడవాళ్ళకు తెరిచి, రెండు దీపాలు పెట్టించాలి. అందుకు కోట్లు అక్కర్లేదు. పొదుపు సంఘాల వాళ్ళు ఎలాగూ కలుస్తారు, కంతు కట్టాక అరగంట కలిసి నడిస్తే నవ్వేవాళ్ళు ఎంతమందిని చూసి నవ్వుతారు? ఇక ఇంట్లోవాళ్ళు ఆ అరగంట పొయ్యి చూసుకోవాలి. ఆపరేషన్ రోజుల్లో అన్ని పనులూ చేసిపెట్టారు కదా, ఇప్పుడు ఒక్క టీ కాచుకోలేరా?

అక్కా, నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదీ. ఆ పొద్దు కదలొద్దన్నదీ నిజమే, ఈ పొద్దు కదలమన్నదీ నిజమే. మధ్యలో చెప్పాల్సిన మాట చెప్పకపోవడం మాది తప్పు. పథ్యం గడువు అయిపోయింది. ఈ సాయంత్రం వీధి చివరి వేపచెట్టు దాకా పోయి రా. పక్కింటామెను కూడా పిలువు.