తెలియని భాషలో తెలుపుట

ప్రభుత్వపు దస్త్రములను పౌరుడు చూడవచ్చునని 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము చెప్పినది. అందలి నాలుగవ సెక్షను ప్రకారము ముఖ్యవిషయములను ప్రజలడుగకమునుపే వెల్లడింపవలెను. వెల్లడించునపుడు స్థానికభాషను దృష్టియందుంచుకొనవలెను. గాలి, నీరు, నేలలకు సంబంధించిన పత్రముల విషయమున ఈ రెండవమాట మన యధికారుల కంటబడినట్లు లేదు.

2020లో జరిగిన యుదంతమును పాఠకులు మరవలేదనుకొందుము. కర్మాగారములకును, గనులకును అనుమతులిచ్చు విధానమును మార్చదలచి కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఏప్రిలు 11వ తేదీన ఒక ముసాయిదాను గెజెట్టులో ప్రకటించి, దేశప్రజల యభిప్రాయములను కోరినది. ప్రకటించిన భాషలు రెండే: ఇంగ్లీషు, హిందీ. శ్రీకాకుళపు జాలరియు, నల్లగొండ రైతును నిరభ్యంతరముగా అభిప్రాయము చెప్పవచ్చును. చదువుట మాత్రము వారి పాట్లు! ముసాయిదాను 22 భాషలలోనికి పదిదినములలో తర్జుమా చేయింపుడని ఢిల్లీ హైకోర్టు జూను 30న ఆజ్ఞాపించెను. మంత్రిత్వశాఖ తర్జుమాకు మారుగా సుప్రీంకోర్టు మెట్లెక్కినది. అధికారభాషల చట్టమునకు రెండుభాషలు చాలునని వారి వాదము. ఆగస్టు 13న ఆ న్యాయస్థానము పిటిషనును విచారణకు గైకొనక, కావలసినచో హైకోర్టునే పునర్విచారణ కోరుకొనుడనినది.

ఆ యభిప్రాయముల గడువు నడుచుచుండగనే, మే 7వ తేదీ తెల్లవారుజామున, విశాఖపట్టణమున ఆర్.ఆర్. వెంకటాపురముచెంత కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడి 12 మంది మరణించిరి. హెచ్చరిక సైరను మ్రోగలేదని రాష్ట్రప్రభుత్వపు ఉన్నతస్థాయి సంఘమే పిమ్మట తేల్చినది. తమ యుత్పత్తికి తగిన పర్యావరణానుమతి లేదని ఆ సంస్థవారే 2019లో ప్రమాణపత్రమున ఒప్పుకొనియుండిరి. ఆ పత్రము కార్యాలయపు దస్త్రములో నుండెను. గోడప్రక్కన గ్రామము నిద్రించుచుండెను.

ప్రజాభిప్రాయసేకరణ సభలు జరుగుట లేదా యని కొందరనవచ్చును. జరుగుచున్నవి. 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటన ప్రకారము 30 దినముల ముందు నోటీసిచ్చి, నివేదిక సంగ్రహమును స్థానికభాషలో నుంచవలెను. సంగ్రహమే, నివేదిక కాదు. బావులలో నీరెంత దిగునో, బూడిద యెక్కడ పోయుదురో, పొగ యే దిక్కునకు సాగునో తెలుపు పట్టికలు ఇంగ్లీషు సంపుటములలో మిగిలిపోవును. క్రయపత్రమును చదువనీయక వ్రేలిముద్ర వేయుమనువానిని మన గ్రామములలో ఏమందురో పాఠకు లెరుగుదురు.

శాస్త్రపదములు తెలుగున నిముడవనియు, అర్థము చెడుననియు ఒక యాక్షేపణ. పన్నుబాకీ నోటీసు తెలుగున పంపునపుడు ఈ జంకు కానరాదు. నిజముగా భయమున్నచో ఇంగ్లీషు మూలమును ప్రక్కనే యుంచి, వివాదమున మూలమే ప్రమాణమనవచ్చును. ఇక ఖర్చుమాట: కోట్లరూపాయలతో పరిశ్రమ నెలకొల్పువారికి కొన్నివందల పుటల తర్జుమా భారమని మేము నమ్మజాలము.

ఇందుకు క్రొత్తచట్టముతో పనిలేదు. సంపూర్ణ నివేదికను తెలుగున, సభకు 30 దినముల ముందే, పంచాయతీ కార్యాలయములో నుంచవలెనని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు కోరవలెను. అనుమతి పొందిన పిమ్మట ఆరునెలల కొకసారి పరిశ్రమలవారు పంపు నివేదికలు ప్రజాపత్రములనియు, కోరినవారికి నకలీయవలెననియు 2006 నాటి ప్రకటనయే చెప్పినది. ఆ నకళ్ళను గ్రామపెద్దలు నేడే అర్జీ పెట్టి కోరవచ్చును. అర్జీ తెలుగుననే వ్రాయుదురు గాక.