ఎత్తు మీద నిలబడి ఏం చూస్తున్నాం?

ఒలీవల కొండ మీదనుండి దిగి వచ్చేటప్పుడు యేసుప్రభువు కళ్లముందు యెరూషలేము పట్టణమంతా పరచుకొని ఉంది. మహాదేవాలయం, ప్రాకారాలు, బురుజులు కనబడుతున్నాయి. చుట్టూ ఉన్న శిష్యులు ఆనందం పట్టలేక కేకలు వేస్తున్నారు. అంత సందడిలో ప్రభువు ఒక్కడే ఏడ్చాడు (లూకా 19:37-41). అందరూ చూసింది ఒకే పట్టణాన్ని. వాళ్లకు దాని అందం కనబడింది, ఆయనకు దాని మీదికి రాబోయే నాశనం కనబడింది. ఎత్తు మీద నిలబడిన వాళ్లందరికీ ఒకే దృశ్యం కనబడుతుందని అనుకోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క సంఘటన చాలు.

ఒక వేసవిలో వీబీఎస్ ముగిశాక మా సంఘంలోని పిల్లల్ని బస్సులో హైదరాబాద్ చూపించడానికి తీసుకువెళ్లాం. చార్మినార్ మొదటి అంతస్తుకు ఎక్కాం, గోల్కొండ ఎక్కాం, సాయంత్రానికి బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ మీదుగా ఫిల్మ్‌నగర్ చేరాం. అక్కడ ఎత్తుగా ఉన్న ఒకచోట బస్సు ఆపితే పిల్లలు కేరింతలు కొట్టారు. ఒకవైపు గోల్కొండ కోట, మరోవైపు అద్దాల మేడలు కనబడుతున్నాయి. ఇది ఫలానా, అది ఫలానా అని ఒకరికొకరు వేళ్లతో చూపించుకుంటున్నారు. ఒక చిన్నమ్మాయి మాత్రం మాట్లాడకుండా కిందికి వెతుకుతోంది. ఆ పిల్ల తల్లి ఆ కొండ మీది ఇళ్లలోనే పాచిపని చేస్తుంది. కాపురం కింద బస్తీలో. ఏమిటమ్మా చూస్తున్నావని అడిగితే, "అన్నీ కనబడుతున్నాయి టీచర్, మా ఇల్లొక్కటే కనబడట్లేదు" అంది.

మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. ఎత్తు మీదనుండి నగరమంతా కనబడుతుందని అంటాం. నిజానికి ఎత్తైనవే కనబడతాయి, కిందివి కనబడవు. కిందివి చూడాలంటే చూడాలనే మనసుండాలి.

బైబిల్‌లో ఎత్తు మీద నిలబడి చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. దావీదు ఒక సాయంత్రం మిద్దె మీద తిరుగుతూ చూశాడు. సైన్యం యుద్ధంలో ఉంది, రాజు మాత్రం మిద్దె మీద ఉన్నాడు. ఆ చూపు వ్యభిచారానికి, ఆ తర్వాత ఊరియా హత్యకు దారితీసింది (2 సమూయేలు 11). నెబుకద్నెజరు తన నగరు మీద సంచరిస్తూ, ఈ మహా బబులోను నా బలంతో నేను కట్టించుకున్నదే కదా అని అతిశయించాడు. ఆ మాట నోట ఉండగానే రాజ్యం పోయింది. అయితే మనం తరచుగా గమనించని సంగతి ఒకటుంది. అంతకు పన్నెండు నెలల ముందే దానియేలు అతణ్ని హెచ్చరించాడు. నీతిని అనుసరించి, బీదలమీద కరుణ చూపి పాపాన్ని మానుకొమ్మన్నాడు (దానియేలు 4:27-31). దేవుడిచ్చిన ఆ ఏడాది వ్యవధిలో రాజు మారలేదు. మేడ మీదనుండి అతనికి గోడలు కనబడ్డాయి, ఆ గోడల కిందనున్న బీదలు కనబడలేదు. దావీదు చూపులో మోహం ఉంది, నెబుకద్నెజరు చూపులో గర్వం ఉంది, ప్రభువు చూపులో కన్నీరు ఉంది. మన చూపు ఈ మూడింట ఏది?

మన నగరంలోని ఎత్తైన చోట్లు కూడా మనతో మాట్లాడతాయి, వినే చెవి ఉండాలి. గోల్కొండ సింహద్వారమైన ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే, దూరాన కొండ కొమ్మున ఉన్న బాలా హిస్సార్‌లో వినబడుతుంది. పిల్లలకు అదో వింత, ఆనాటి కావలివారికి అది ప్రాణం. శత్రువు వస్తే క్షణంలో పైకి కబురు చేరేది. ఇంత పకడ్బందీ కోటను ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా గోడలు లొంగలేదు. చివరికి 1687లో కోటలోని సేనాని ఒకడు లంచానికి ఆశపడి రాత్రివేళ ద్వారం తెరిపించాడు. కుతుబ్ షాహీల రాజ్యం అంతటితో సరి. ఎత్తు, గోడలు, చప్పట్ల ఏర్పాటు అన్నీ ఉన్నాయి, లోపలివాడి నమ్మకమే లేదు. పట్టణాన్ని యెహోవా కాపాడకపోతే కావలివాడు మేల్కొని ఉండడం వ్యర్థమని 127వ కీర్తన చెప్పేది ఇదే. సంఘం మీదికి బయటినుండి వచ్చే దాడుల గురించి మనం గంటల తరబడి మాట్లాడుకుంటాం. లోపలినుండి తలుపు తీస్తున్న ధనాపేక్ష గురించి ఎంతసేపు మాట్లాడుకుంటున్నాం?

ఇక బంజారా హిల్స్. వందేళ్ల క్రితం ఇక్కడ బండలు, పొదలు తప్ప పెద్దగా ఏమీ లేవు. బంజారాలు తిరిగిన కొండలు కాబట్టి ఆ పేరొచ్చింది. మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడ తొలినాళ్లలో ఇల్లు కట్టుకున్నవారు. ఆ ఇంటికోసం ఆయన బండల్ని పగలగొట్టించలేదు, బండలనే ఇంట్లో కలుపుకున్నారు. 1933లో రవీంద్రనాథ్ టాగూర్ ఈ కొండల్లో ఆయనకు అతిథిగా ఉన్నారు. 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చింది, ఆ తర్వాత చిత్రపరిశ్రమ మద్రాసునుండి క్రమంగా ఈ కొండలకు చేరింది. నేడు పేరు బంజారాలది, బంగళాలు మరొకరివి. తెర మీద వెలిగేవాళ్లు కొండ మీద ఉంటే, వాళ్ల వెనుక గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు ఎందరో కింద కృష్ణానగర్ ఇరుకు గదుల్లో మరుసటిరోజు పిలుపుకోసం ఎదురుచూస్తుంటారు.

2003లో వచ్చిన 'ఒక్కడు' సినిమాకోసం ఏకంగా చార్మినార్‌నే సెట్‌గా వేశారు. చూసినవాళ్లు అది అసలుదే అనుకున్నారు. కానీ సెట్ ఎంత గొప్పదైనా షూటింగ్ అయ్యేదాకే. 1591లో కట్టిన చార్మినార్ మాత్రం ఎండకూ వానకూ నిలబడే ఉంది. సినిమాకు సెట్ తప్పు కాదు, అది వాళ్ల వృత్తి. మన భక్తి సెట్‌గా మారితేనే ప్రమాదం. ముందు రంగులు, వెనుక ఖాళీ. పైకి భక్తిగలవారిలా ఉండి దాని శక్తిని ఆశ్రయించనివారి గురించి పౌలు తిమోతిని హెచ్చరించింది అందుకే (2 తిమోతి 3:5).

అదే బంజారా హిల్స్‌లో, రోడ్ నంబర్ 12లో, 2022 ఆగస్టు 4న పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. దూరానికి కూడా కనబడే అద్దాల బురుజులు అవి. నగరంలోని కెమెరాల దృశ్యాలన్నీ అక్కడికి చేరి తెరల మీద కనబడతాయి. ఈ కాలపు కావలి గోపురం అది. శాంతిభద్రతలకు అది అవసరమే. అయితే కెమెరాకు కన్ను ఉంటుంది గానీ కన్నీరు ఉండదు. ఎవరు ఏ దారిన వెళ్లారో అది చెప్పగలదు, ఆకలితో వెళ్లారో ఆనందంతో వెళ్లారో చెప్పలేదు. ఆ పని దేవుడు సంఘానికి అప్పగించాడు. ఖడ్గం రావడం చూసి కూడా బాకా ఊదని కావలివాణ్ని లెక్క అడుగుతానని యెహెజ్కేలు ద్వారా దేవుడన్నాడు (యెహెజ్కేలు 33:6). కావలివాడికి ఎత్తు ఇచ్చింది గాలి పీల్చుకోవడానికి కాదు.

మన చర్చిలకూ గోపురాలున్నాయి. మెదక్ చర్చి గోపురం 175 అడుగులు. ఆ నిర్మాణం 1914లో మొదలై పదేళ్లు సాగింది, 1924 డిసెంబరు 25న ఆలయ ప్రతిష్ఠ జరిగింది. అయితే తెలంగాణ పల్లెల్లో ఆ గోపురాన్ని జ్ఞాపకం చేసుకునేది దాని ఎత్తును బట్టి కాదు. కరవు రోజుల్లో మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ పనితో ఆకలిగొన్నవారికి కూలి, అన్నం దొరికేలా చేశారని తాతలు మనవళ్లకు చెప్పుకుంటూ వచ్చారు. ఎంతోమంది కడుపు నింపుతూ లేచిన గోపురం అది. ఇప్పుడు లక్షలు, కోట్లు పోసి మందిరాలను ఎత్తుకు లేపుతున్న మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. మన గోపురం లేచే క్రమంలో ఎవరి ఇంట పొయ్యి వెలిగింది? బీద విశ్వాసుల కానుకలతో లేచిన గోపురం మీదనుండి ఆ బీదల ఇళ్లే కనబడకపోతే, అది బాబెలుకు బంధువే గాని యెరూషలేముకు కాదు.

పిల్లల్ని కోటలకు, గోపురాలకు తీసుకెళ్లవద్దని మేము చెప్పడం లేదు, తప్పక తీసుకెళ్లండి. తాము పుట్టిన నేల చరిత్ర తెలియని పిల్లలకు ఇశ్రాయేలు చరిత్ర కూడా కథలాగే ఉంటుంది. అయితే పైకి ఎక్కించినప్పుడు కిందికి చూడటం కూడా నేర్పండి. అక్కడే నిలబడి ఐదు నిమిషాలు నగరంకోసం ప్రార్థన చేయించండి. ఆ కొండ మీదే ఉన్న క్యాన్సర్ ఆసుపత్రిలో రోగికి తోడుగా జిల్లాలనుండి వచ్చినవాళ్లను, బంగళాల్లో పనిచేసి చీకటి పడ్డాక ఇల్లు చేరే తల్లులను, అదే బంగళాల్లో అన్నీ ఉండీ నిద్రపట్టని వాళ్లను జ్ఞాపకం చేయండి. కొండ మీదివారికీ రక్షకుడు కావాలి, కొండ కిందివారికీ కావాలి.

రూపాంతర కొండ మీద పేతురు మూడు పర్ణశాలలు కట్టి అక్కడే ఉండిపోదామన్నాడు. ప్రభువు ఒప్పుకోలేదు. కిందికి దిగి వచ్చాడు. కింద ఒక తండ్రి జబ్బుపడిన కొడుకుతో ఎదురుచూస్తున్నాడు (మత్తయి 17:1-18). కొండ మీది మహిమ ఎంత నిజమో, కొండ కింద ఆ తండ్రి కన్నీరూ అంతే నిజం.

ఆ వేసవి తర్వాత ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మాలో కొందరం ఆ అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాం. సందులో సందు తిరిగి, మెట్లు దిగి, రేకుల ఇంటి ముందు నిలబడ్డాం. తల్లి కంగారుపడి కూర్చోవడానికి చాప వేసింది. ఆ పిల్ల మాత్రం గుమ్మంలో నిలబడి, "ఇప్పుడు కనబడిందా టీచర్?" అని నవ్వింది. కనబడింది. అయితే దానికోసం మేము పైకి ఎక్కలేదు, కిందికి దిగాం.