ఆ అమ్మాయిల పేర్లేంటి?

మొన్న ఎడిసన్‌లో మా తెలుగు తరగతి పిల్లలకి 'సీటీమార్' సినిమా కొంత చూపించాను. 2021లో వచ్చింది. పల్లెటూరి అమ్మాయిల కబడ్డీ జట్టు కథ, కోచ్ గోపీచంద్. అయ్యాక, స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడే ఒకమ్మాయి అడిగింది: "టీచర్‌గారూ, ఆ టీమ్‌లో అమ్మాయిల పేర్లేంటి?"

నాకు ఒక్క పేరూ గుర్తు రాలేదు. కోచ్ చేసిన ఫైట్లు మాత్రం గుర్తున్నాయి.

మన చిన్న ఊళ్ళ ఆటల సినిమాల్లో అమ్మాయిలు లేకపోలేదు. కానీ ఆడేది అమ్మాయి, కథ మాత్రం ఆయనది. 2017లో వచ్చిన 'గురు' నాకు చాలా ఇష్టం. తీసింది సుధ కొంగర, మన తెలుగావిడే. కథ జరిగేది విశాఖపట్నంలో. బాక్సర్‌గా వేసిన రితికా సింగ్ నిజంగానే రింగులో దిగిన మనిషి, అందుకే ఆ గుద్దులు అంత బాగుంటాయి. అయినా పేరు చూడండి. గురువు పేరు పెట్టారు, శిష్యురాలి పేరు కాదు.

"స్టార్ లేకపోతే టికెట్లు ఎవరు కొంటారు?" అని మీ నాన్నగారు అనొచ్చు. మా ఇంట్లోనూ అదే మాట. డబ్బు పెట్టేవాళ్ళ భయం నాకూ అర్థమవుతుంది. కానీ 1991లోనే 'అశ్విని' అనే సినిమా వచ్చింది కదా! పరుగుల రాణి అశ్విని నాచప్పే అందులో నాయిక. ఆమెది కర్ణాటకలోని కొడగు, తెలుగమ్మాయి కాదు. అయినా మన సినిమా ఆమె పేరే పెట్టుకుంది.

తర్వాత 2019లో 'కౌసల్య కృష్ణమూర్తి'. ఇండియా ఓడిపోతే ఏడ్చే నాన్నని చూసి, ఆయన్ని నవ్వించాలని ఒక రైతు కూతురు క్రికెట్ బంతి పట్టుకుంటుంది. ఊరు ఊరికే ఉంటుందా? మగపిల్లలతో ఆటలేమిటని నోళ్ళు లేస్తాయి. ఇంట్లో అమ్మ తిడుతుంది, బయట అప్పులవాళ్ళు. కోచ్ వచ్చేసరికే కథ చాలా నడిచిపోతుంది. ఆఖర్న మైకు ముందు మాట్లాడేది కూడా ఆ అమ్మాయే. నాకు ఒక్కటే బాధ, ఇది తమిళ 'కనా'కి రీమేక్. మనకి కథలు కరువా?

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000లో సిడ్నీలో బరువులెత్తిన కరణం మల్లీశ్వరి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి శ్రీచరణి 2025 ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో బౌలర్. వరంగల్ జిల్లా కల్లెడలో కూలి పనిచేసుకునే ఇంట్లో, మేధోపరమైన వైకల్యంతో పుట్టింది జీవాంజి దీప్తి. ఊళ్ళో కొందరు వెక్కిరించేవారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. అలాంటి పిల్ల మన సినిమాల్లో ఉంటే, ఎక్కువగా జాలికో నవ్వుకో ఉంటుంది.

అసలు మన మాటలే తడబడతాయి. 'ఆటగాడు' అని మీరు నేర్చుకున్నారు. మరి అమ్మాయి అయితే? 'ఆటకత్తె' అంటే పాత తెలుగులో నాట్యం చేసే ఆవిడ. పేపర్లో 'క్రీడాకారిణి' అని రాస్తారు, ఇంట్లో ఎవరూ అనరు. అందరం 'ప్లేయర్' అనేస్తాం.

మీరు సినిమా తీస్తే మొదటి సీను ఎక్కడ పెడతారని ఆ సాఫ్ట్‌బాల్ అమ్మాయినే అడిగాను. కాసేపు ఆలోచించి, "కల్లెడలో, పొద్దున్నే. కోచ్ ఇంకా నిద్రలేవలేదు," అంది.