టక్కరిని బాగుచెయ్యకండి

జానపద కథల్లోని టక్కరి ఊసెత్తితే చాలు, విమర్శకులు ఒకటే పాట అందుకుంటారు: బలవంతుణ్ణి తెలివితో చిత్తుచేసే పేదల పక్షపాతి అట. వినడానికి బాగానే ఉంది. కథలు చదివితేనే చిక్కు.

అమెరికాలోని విన్నెబాగో తెగవారి టక్కరి కథలను పాల్ రాడిన్ 1956లో పుస్తకంగా తెచ్చాడు. అందులో ఆ మహానుభావుడు అడవిదున్నను కోస్తుంటే కుడిచేతికీ ఎడమచేతికీ తగువొస్తుంది. కత్తి పట్టిన చెయ్యి రెండోదాన్ని చీరేస్తుంది. మరోసారి బాతుల్ని బులిపించి చంపి, నిప్పుల్లో పెట్టి, కాపలాకు తన ముడ్డిని నియమించి గుర్రుపెడతాడు. నక్కలొచ్చి బాతుల్ని తినిపోతాయి. కాపలా సరిగా కాయలేదని ముడ్డికి వాత పెడతాడు. మంటెవరికో చెప్పాలా? ఇందులో ఏ దొర మీద తిరుగుబాటుందో ఎంత వెతికినా దొరకదు. ఆకలి ఉంది, అంతకు మించిన మూర్ఖత్వం ఉంది.

దీనికి జవాబుగా అనాన్సీ అనే సాలీడు టక్కరిని ముందుకు తోస్తారు. జమైకా తోటల్లో బానిసలు ఆ సాలీడు కథలు చెప్పుకుని ఊరట పొందిన మాట నిజమే. కానీ పశ్చిమాఫ్రికాలో పుట్టిన అదే అనాన్సీ, చచ్చినట్టు నటించి పొలంలో పాతిపెట్టించుకుని, రాత్రిళ్ళు లేచి పెళ్ళాంబిడ్డల నోటికాడి పంట మెక్కుతాడు. చివరికి జిగురుబొమ్మకు అతుక్కుని దొరికిపోతాడు.

మన తెనాలి రామలింగడు తక్కువా? కాళి చూపిన రెండు గిన్నెల్లో ఒకటి ఎంచుకోమంటే రెండూ గటగటా తాగేసినవాడు. రాయలవారు పెంచమని పిల్లినీ, దాని పాలకోసం ఆవునూ ఇస్తే, సలసల కాగే పాలతో పిల్లి మూతి కాల్చి, ఆవుపాలు తానే తాగాడు. పిల్లల పుస్తకాల్లో దీని పేరు చాతుర్యం. పిల్లి నడిగినవారు లేరు.

ఈ తిండియావను కొత్తకాలపు కాల్పనిక కథలోకి చెక్కుచెదరకుండా తెచ్చింది ఉర్సులా లెగ్విన్. 1987లో ఆమె రాసిన ‘బఫెలో గాల్స్, వోంట్ యూ కమ్ అవుట్ టునైట్’కు మరుసటేడు హ్యూగో పురస్కారం వచ్చింది. విమాన ప్రమాదంలో కన్ను పోయిన పిల్లను చేరదీసే కొయొటీ, అంటే అమెరికా ఆదివాసుల కథల్లోని తోడేలుజాతి టక్కరి, ఇందులో ఆడది. సిగ్గూ శుభ్రతా బొత్తిగా లేనిది, తన పెంటతో తానే కబుర్లాడుతుంది. అయినా ఆ పిల్లంటే ప్రాణం. ఆఖరికి మనుషులు విషం పెట్టిన సాల్మన్ చేప తిని చస్తుంది. ఇలా చావడం దానికి మామూలేనట! విమర్శకులు కోరే న్యాయమూర్తి కొయొటీ అయితే ఆ చేపను వాసన చూసి వదిలేసేది, లెగ్విన్‌కు రాయడానికి కథ మిగిలేది కాదు.