తుపాకీకి తాళం వేయరా?

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఓలేతాలో 2017 ఫిబ్రవరి 22 సాయంత్రం ఆఫీసు ముగించుకున్న ఇద్దరు తెలుగు ఇంజినీర్లు ఓ బార్‌లో కూర్చున్నారు. నోరు పారేసుకున్నాడని అక్కడివాళ్లు బయటకు పంపిన ఒక వ్యక్తి తుపాకీతో తిరిగొచ్చాడు. కూచిభొట్ల శ్రీనివాస్ ప్రాణం పోయింది. పక్కనున్న స్నేహితుడు గాయపడ్డారు, పట్టుకోబోయిన అమెరికన్ యువకుడికీ తూటా దిగింది. పారిపోయిన హంతకుడు తాను కాల్చింది ఇరానీయులననుకున్నాడు!

హంతకుడికి యావజ్జీవ శిక్ష పడింది. మరి శ్రీనివాస్ భార్య సునయనకు? భర్త పోవడంతో ఆమె వలస హోదా కూడా పోయింది. అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చిన మనిషి తన ఇంటికీ తన ఉద్యోగానికీ తిరిగి వెళ్లడమే ప్రశ్నార్థకమైంది. స్థానిక కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుంటే గానీ అనుమతి దక్కలేదు. అలా పూనుకునే నాయకుడు దొరకని కుటుంబాల గతేమిటి?

2022లో అమెరికాలో తుపాకులకు బలైనవారు 48 వేల పైచిలుకు. అందులో సగానికి మించి ఆత్మహత్యలే. అంటే ఆ ఇళ్లలో కుటుంబానికి నిందించడానికి హంతకుడు కూడా ఉండడు, అల్మారాలో తుపాకీ ఎందుకు ఉంచామన్న ప్రశ్నే మిగులుతుంది. ఏడాది నుంచి 19 ఏళ్లలోపు వారి మరణాలకు 2020 నుంచి తుపాకీయే మొదటి కారణం. 2024 జూన్‌లో నాటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తి తుపాకీ హింసను ప్రజారోగ్య సంక్షోభంగా ప్రకటిస్తూ నివేదిక విడుదల చేశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక ఆ నివేదిక అధికారిక వెబ్‌సైట్ నుంచి మాయమైంది. జ్వరం తగ్గించలేక థర్మామీటర్ దాచేశారు.

చెడ్డవాడి చేతిలో తుపాకీ ఉంటే మంచివాడి చేతిలోనూ ఉండాలన్నది తుపాకీ లాబీ పాత పాట. 2022 మేలో టెక్సాస్‌లోని యువాల్డే బడిలో ఒకడు కాల్పులకు తెగబడితే 376 మంది సాయుధ పోలీసులు చేరుకున్నారు. హంతకుడిని మట్టుబెట్టడానికి 77 నిమిషాలు పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. తల్లిదండ్రులు బయట నిలబడి లోపలికి వెళ్లండని పోలీసులను వేడుకున్నారు. ఇక ఆ వాదనకు విలువేముంది?

లైసెన్సున్న దుకాణంలో కొంటే నేపథ్య తనిఖీ తప్పనిసరని 1993 నాటి బ్రాడీ చట్టం చెబుతోంది. వ్యక్తుల మధ్య అమ్మకాలకు మాత్రం సమాఖ్య చట్టంలో ఆ నిబంధన లేదు. ఈ సందు మూసేయాలి. ఇంట్లో తుపాకీకి తాళం వేయడం దేశమంతటా చట్టబద్ధ బాధ్యత కావాలి. ఇవన్నీ ఉంటే ఓలేతా హత్య ఆగేదా అంటే ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ కోపం వచ్చిన ప్రతివాడికీ తుపాకీ చేతికందేలా ఉంచడాన్ని స్వేచ్ఛ అనలేం.

మన ప్రభుత్వాలకూ ఇందులో పని ఉంది. 2023లో టెక్సాస్‌లోని ఆలెన్ మాల్‌లో హైదరాబాద్ యువతి, 2024లో షికాగోలో గ్యాస్ స్టేషన్‌లో ఖమ్మం విద్యార్థి కాల్పులకు బలయ్యారు. ఇలాంటి కబురు వచ్చిన ప్రతిసారీ తండ్రి ఎమ్మెల్యే ఇంటికి పరుగెత్తాలి, అక్కడి స్నేహితులు ఆన్‌లైన్‌లో చందాలు పోగెయ్యాలి. భారత దౌత్య కార్యాలయాల్లో 2009 నుంచే సంక్షేమ నిధి ఉంది, భౌతికకాయాన్ని స్వదేశానికి పంపే ఖర్చుకూ దాన్ని వాడొచ్చు. నిరుపేదలమని నిరూపించుకోమనే షరతును హత్యల విషయంలో విదేశాంగ శాఖ ఎత్తేయాలి. కుటుంబం అడగకముందే కాన్సులేట్ అధికారి ఫోన్ చేయాలి.